కిడ్నీ వైద్య బృందాలకు కర్నూలులో ఒక్కరోజు శిక్షణ సదస్సు: తేదీ ఎంపిక నుంచి లెక్కల అప్పగింత దాకా

కిడ్నీ జబ్బుల మీద జరిగే సదస్సుల్లో మాట్లాడేదీ డాక్టర్లే, వినేదీ డాక్టర్లే. ఫిస్టులాలో (డయాలసిస్ కోసం చేతి ధమనినీ సిరనూ కలిపి చేసిన రక్తనాళంలో) సూది పెట్టే టెక్నీషియన్, మధ్యలో బీపీ పడిపోతే పరుగెత్తుకొచ్చే స్టాఫ్ నర్సు, ఏం తినాలో చెప్పే డైటీషియన్, ఆర్వో ప్లాంటు చూసుకునే కుర్రాడు ఆ రోజు కూడా డ్యూటీలోనే ఉంటారు. వారానికి రెండు మూడుసార్లు, నాలుగేసి గంటలు రోగి పక్కన ఉండేది వాళ్లే. అందుకే ఈ మార్గదర్శిలో ఒక్క విషయం మీద పట్టుబడుతున్నాను. సదస్సు వాళ్ల కోసం జరగాలి, డాక్టర్లు అందులో ఒక భాగంగా ఉండాలి. ఇది ఒప్పుకుంటే తేదీ, భాష, హాలు, బల్లలు వేసే తీరు కూడా మారిపోతాయి.

కర్నూలును ఉదాహరణగా తీసుకున్నాను. 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది కాబట్టి అటు హైదరాబాదు నుంచి, ఇటు అనంతపురం నుంచి నేరుగా వచ్చేయొచ్చు. 1956 నుంచి మెడికల్ కాలేజీ ఉన్న ఊరు. నంద్యాల, ఆదోని, ఎమ్మిగనూరు వాళ్లు పొద్దున్నే బస్సెక్కితే సమయానికి చేరతారు. మీరు అనంతపురంలోనో కడపలోనో పెట్టుకున్నా పద్ధతి ఇదే, బస్సు వేళలు మారతాయంతే.

1. ముందు యూనిట్లకు వెళ్లండి, అంశాలు తర్వాత

చాలామంది కమిటీ మీటింగ్‌లో కూర్చుని అంశాలు రాసేస్తారు. ఎవరికి ఏ స్లైడ్లు సిద్ధంగా ఉంటే అదే అంశం అవుతుంది. అలా చేయకండి. కనీసం రెండు నెలల ముందు చుట్టుపక్కల డయాలసిస్ యూనిట్లలో కొన్నింటికి వెళ్లి, షిఫ్టు మారే వేళ కాసేపు అక్కడే నిలబడండి. ప్రభుత్వ యూనిట్ ఒకటి, ప్రైవేటుది ఒకటి, భాగస్వామ్య పద్ధతిలో నడిచేది ఒకటి తప్పకుండా ఉండేలా చూసుకోండి. 2016లో ప్రధానమంత్రి జాతీయ డయాలసిస్ కార్యక్రమం మొదలయ్యాక ప్రభుత్వ ఆసుపత్రుల్లో ప్రైవేటు భాగస్వామ్యంతో నడిచే యూనిట్లు వచ్చాయి. మూడు చోట్లా ఇబ్బందులు ఒకేలా ఉండవు.

అక్కడ అడగాల్సింది "మీకు ఏ టాపిక్ కావాలి" అని కాదు. అలా అడిగితే మర్యాదకు ఏదో ఒకటి చెప్తారు. "పోయిన నెలలో మిమ్మల్ని బాగా టెన్షన్ పెట్టిన షిఫ్టు ఏది? ఆరోజు ఏమైంది?" అని అడగండి. అప్పుడు అసలు సంగతులు బయటికొస్తాయి. ట్యాంకరు నీళ్లు పోయించుకున్న రోజు క్లోరిన్ చూశారో లేదో ఎవరికీ గుర్తు లేకపోవడం, వార్డులో ఎవరో ఫిస్టులా ఉన్న చేతికే క్యానులా పెట్టేయడం, రోగి ఒంట్లో నీరు చేరి నాలుగున్నర కిలోలు పెరిగి వచ్చి "మొత్తం తీసేయండి, మళ్లీ గురువారం దాకా రాలేను" అని పట్టుబట్టడం. మీ అంశాలు ఇవే.

పేర్లు అడగని చిన్న ఫారం ఒకటి తెలుగులో తయారుచేసి వాట్సాప్‌లో పంపండి. పై అధికారి చూస్తాడనుకుంటే ఎవరూ నిజం రాయరు. నలుగురైదుగురు రోగులతోనూ, వాళ్ల వెంట వచ్చేవాళ్లతోనూ మాట్లాడండి. సిబ్బంది చెప్పినదీ రోగి చెప్పినదీ ఎక్కడ కలవవో అక్కడ ఒక సెషన్ దొరుకుతుంది.

2. ఎవర్ని పిలవాలి

నెఫ్రాలజిస్టులు, డయాలసిస్ టెక్నీషియన్లు, నర్సులు, డైటీషియన్లు ఎలాగూ ఉంటారు. మరిచిపోయేవాళ్ల సంగతి చెప్తాను. జనరల్ వార్డు నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లను పిలవాలి, ఎందుకంటే ఫిస్టులాకు కావాల్సిన చేతి నరాలు పాడయ్యేది డయాలసిస్ యూనిట్లో కాదు, అంతకు రెండేళ్ల ముందు వాళ్ల చేతుల్లో. మెషీన్లు బాగుచేసే బయోమెడికల్ ఇంజనీరు, ఆర్వో ప్లాంటు మనిషి, ఎన్టీఆర్ వైద్యసేవ కౌంటర్లో కూర్చునే మిత్ర, అవయవ మార్పిడి సమన్వయకర్త కూడా రావాలి. షుగరు, బీపీ రోగుల్ని ముందుగా చూసేది జనరల్ ఫిజీషియన్లు కాబట్టి వాళ్లకు ప్రత్యేకంగా ఫోన్ చేయండి. వాట్సాప్ ఆహ్వానానికి వాళ్లు రారు.

ఎనభై మంది దాటనివ్వకండి. చేత్తో చేసి నేర్చుకునే బల్లలు నాలుగు పెడితే ఒక్కో బల్ల దగ్గర ఇరవై మందికి మించి నిలబడలేరు. హాలు నిండితే ఫొటో బాగుంటుంది, కానీ వెనక వరసలో ఉన్నవాళ్లకు ఏమీ కనపడదు.

3. తేదీ: ఒకటి కాదు, రెండు ఆదివారాలు

డయాలసిస్ రోగులు సోమ, బుధ, శుక్రవారాల్లోనో, మంగళ, గురు, శనివారాల్లోనో వస్తారు. చాలా యూనిట్లలో మెషీన్లకు విశ్రాంతి దొరికేది ఆదివారమే. కాబట్టి వారం మధ్యలో సదస్సు పెట్టారంటే టెక్నీషియన్లు రాకపోయినా ఫర్వాలేదని మీరే చెప్పినట్టు.

ఆదివారం పెట్టినా ఇంకో చిక్కు ఉంది. వారంలో వచ్చే పెద్ద విరామం ఆదివారంతోనే కలిసి ఉంటుంది. శుక్రవారం చేయించుకున్న మనిషి సోమవారం దాకా ఆగాలి. ఒంట్లో నీరు, పొటాషియం పెరిగి ఊపిరాడక అత్యవసరంగా వచ్చేది ఈ విరామంలోనే. యూనిట్ మొత్తాన్నీ సదస్సులో కూర్చోబెడితే ఆ మనిషిని చూసేదెవరు? అందుకే ఒకే కార్యక్రమాన్ని వరసగా రెండు ఆదివారాలు జరపండి. సగం బృందం మొదటి వారం, మిగతా సగం రెండో వారం. ఖర్చు కాస్త పెరుగుతుంది. కానీ మొదటి వారం తేలిన లోపాలు రెండో వారం సరిచేసుకోవచ్చు, ఆ సౌకర్యం మామూలు సదస్సుల్లో ఉండదు.

ఏ నెలలో అంటే, నా ఓటు ఆషాఢానికి. ముహూర్తాలు ఉండవు కాబట్టి కల్యాణ మండపాలు, హోటల్ హాళ్లు ఖాళీగా ఉంటాయి, అద్దె దగ్గర బేరమాడొచ్చు. ఎండలు తగ్గి ఉంటాయి. మార్చి రెండో గురువారం ప్రపంచ కిడ్నీ దినోత్సవం కదా, ఆ వారమే పెడదామని చాలామందికి అనిపిస్తుంది. వద్దు. ఆ వారం ప్రతి నెఫ్రాలజిస్టూ ర్యాలీలు, ఉచిత శిబిరాలు, టీవీ ఇంటర్వ్యూలతో తీరిక లేకుండా ఉంటారు. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు ఎండకు భోజనం తర్వాత హాల్లో ఎవరి కళ్లూ తెరిచి ఉండవు.

4. క్రెడిట్లు, కాగితాలు

డాక్టర్లకు రిజిస్ట్రేషన్ రెన్యువల్ కోసం ఐదేళ్లలో 30 గంటల క్రెడిట్లు (ఇలాంటి శిక్షణల్లో పాల్గొన్నందుకు ఇచ్చే గుర్తింపు) కావాలి. ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్‌కు కార్యక్రమ వివరాలు, వక్తల అర్హతలతో ముందుగానే దరఖాస్తు పెట్టుకోవాలి. కౌన్సిల్ తరఫున పరిశీలకులు వస్తే కూర్చోబెట్టి, హాజరు పట్టీ చూపించడానికి ఒక మనిషిని కేటాయించండి. నర్సులకు నర్సింగ్ కౌన్సిల్ దగ్గర విడిగా దరఖాస్తు చేయాలి. డాక్టర్లకు వస్తే వాళ్లకూ వచ్చినట్టే అనుకుని వదిలేస్తే నర్సుల చేతికి వట్టి కాగితం మిగులుతుంది. టెక్నీషియన్లు, డైటీషియన్లు 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం పరిధిలోకి వస్తారు. వాళ్ల సర్టిఫికెట్‌లో ఏ నైపుణ్యం మీద ఎన్ని గంటల శిక్షణ పొందారో స్పష్టంగా రాయండి. "పాల్గొన్నారు" అన్న ఒక్క ముక్క రేపు ఉద్యోగం మారేటప్పుడు ఎందుకూ పనికిరాదు.

సంతకాలు ఉదయం ఒకసారి, భోజనం తర్వాత ఒకసారి తీసుకోండి. ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు.

యాజమాన్యాలకు కూడా ఉత్తరం రాయాలి. ప్రైవేటు యూనిట్ టెక్నీషియన్‌కు ఆదివారం సెలవు, దాన్ని మీరు తీసుకుంటున్నారు. ఆ రోజును డ్యూటీగా లెక్కపెట్టమనో, బదులు సెలవు ఇమ్మనో ఉత్తరంలో అడగండి. అందరూ ఒప్పుకోరు. అడిగితే కొందరైనా ఒప్పుకుంటారు.

5. డబ్బు, కంపెనీలు

డాక్టర్ల దగ్గర ఫీజు తీసుకోండి, టెక్నీషియన్లకు, నర్సులకు ఉచితంగా పెట్టండి, దూరం నుంచి వచ్చేవాళ్లకు బస్సు చార్జీ కూడా ఇవ్వండి. మిగతాది కాలేజీ నుంచో, వృత్తి సంఘం నుంచో, కంపెనీల నుంచో రావాలి.

కంపెనీల విషయంలో 2024 మార్చిలో వచ్చిన కేంద్ర ఔషధ మార్కెటింగ్ నియమావళి చదివి మరీ ముందుకెళ్లండి. వైద్య విద్యా కార్యక్రమాలకు కంపెనీలు సాయం చేయొచ్చు. కానీ వక్తలు కాని డాక్టర్లకూ వాళ్ల కుటుంబాలకూ ప్రయాణం, హోటల్ బస లాంటివి ఇవ్వకూడదు. డబ్బు నేరుగా సంఘం లేదా కాలేజీ ఖాతాలోకి రావాలి, రసీదు ఇవ్వాలి. ఎవరి సొంత ఫోన్‌పేలోకీ రాకూడదు, సంయోజకుడి ఖాతా అయినా సరే.

డబ్బుకన్నా పనికొచ్చేది ఒకటుంది, దాన్ని అడగండి. ఒక రోజుకు డెమో మెషీను, పనికిరాని డయలైజర్లు (రక్తం వడగట్టే గొట్టాలు), ఫిస్టులా సూదులు, సర్వీసు ఇంజనీరు. ఇంజనీరు మెషీను విప్పి చూపిస్తూ ఏ అలారం ఎందుకు మోగుతుందో చెప్తే వంటబట్టినంతగా, ఎన్ని స్లైడ్లు చూపించినా వంటబట్టదు. స్టాళ్లు మాత్రం హాలు బయటే ఉండాలి, అంశాలూ వక్తలూ కంపెనీ చేతిలో ఉండకూడదు.

6. రోజు ప్రణాళిక

తొమ్మిదిన్నరకు నమోదు, దాంతోపాటే పది ప్రశ్నల ముందస్తు పరీక్ష. పదింటికి ఒక కేసు మీద అందరూ కలిసి చర్చ. పదకొండు నుంచి పన్నెండున్నర దాకా రెండు బల్లలు, భోజనం తర్వాత మరో రెండు. బృందాలు బల్లల చుట్టూ తిరుగుతాయి, శిక్షకులు కదలరు. మూడుంబావు నుంచి రోగితో మాట్లాడే పద్ధతి మీద ఒక సెషన్. నాలుగింటికి మళ్లీ అవే పది ప్రశ్నలు. నాలుగున్నరకల్లా వదిలేయాలి, ఆదోని బస్సు అందాలి.

ప్రతి బృందంలోనూ ఒక డాక్టరు, ఇద్దరు ముగ్గురు టెక్నీషియన్లు, నర్సులు, ఒక డైటీషియన్ కలిసేలా ముందే చీటీలు రాసుకోండి. వదిలేస్తే ఎవరి గుంపులో వాళ్లు కూర్చుంటారు. "మేడమ్ ముందు మాట్లాడాలంటే మొహమాటం" అనే టెక్నీషియన్ చేతే బల్ల దగ్గర మొదటి జవాబు చెప్పించండి, డాక్టరు చివర్లో మాట్లాడాలి.

ఉదయం కేసు. మన చుట్టుపక్కలదిలా అనిపించేదాన్ని తయారుచేసుకోండి. ఇది నేను కల్పించినది: పత్తికొండ వైపు టమాటా రైతు, 58 ఏళ్లు, పదేళ్లుగా షుగరు, మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో మాత్రలు కొని వాడుతున్నాడు, రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ బయటికి పంపాల్సిన వ్యర్థం) 1.8. "కొంచెం ఎక్కువుంది, ఫర్వాలేదు" అని ఎవరో అన్నారు. క్రియాటినిన్, వయసు, ఆడా మగా అన్నదాన్ని బట్టి కిడ్నీ శక్తిని అంచనా వేసే 2021 సీకేడీ-ఈపీఐ సూత్రం ప్రకారం లెక్కేయించండి. ఆయన ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు ఎంత వేగంగా వడగడుతున్నాయో చెప్పే అంచనా) సుమారు 43. అదే వయసున్న ఆయన భార్యకు అదే 1.8 వస్తే సుమారు 32. ఒకే రిపోర్టు అంకె, ఇద్దరికీ మిగిలిన కిడ్నీ శక్తిలో అంత తేడా. ల్యాబ్ టెక్నీషియన్లు రిపోర్టులో క్రియాటినిన్ పక్కన ఈజీఎఫ్ఆర్ కూడా ఎందుకు వేయాలో ఇక్కడ తెలిసిపోతుంది. తర్వాత మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష ఎవరు రాయాలి, నొప్పి మాత్రలు ఎవరు ఆపించాలి, ఏ చేతి నరాలు కాపాడాలి అంటూ ఒక్కొక్కరి వంతు అడుగుతూ పోండి. అంతర్జాతీయ కిడ్నీ వైద్య సంస్థ కేడిగో 2024 మార్గదర్శకాల ప్రకారం షుగరున్న కిడ్నీ రోగికి ఈజీఎఫ్ఆర్ 20 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే ఎస్‌జీఎల్‌టీ2 మందులు (చక్కెరను మూత్రంలోకి పంపే షుగరు మందులు) మొదలుపెట్టొచ్చు. ఈజీఎఫ్ఆర్ 30 కిందికి వస్తే షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ ఆపాలి. ఫిజీషియన్లకు ఈ రెండూ చాలు, మందుల మీద వేరే ఉపన్యాసం అక్కర్లేదు.

మొదటి బల్ల: నీళ్లు. రాయలసీమలో దీనికిచ్చే సమయం తగ్గించకండి. మామూలు మనిషి రోజుకు రెండు లీటర్లు తాగితే వారానికి 14 లీటర్లు. డయాలసిస్‌లో నిమిషానికి 500 మిల్లీలీటర్ల ద్రవం నాలుగు గంటలు నడిస్తే ఒక్క సెషన్‌కే 120 లీటర్లు. ఆ నీటికీ రక్తానికీ మధ్య ఉండేది సన్నటి పొర. పేగు లేదు, వడగట్టి బయటికి పంపే కిడ్నీ లేదు. అందుకే తాగేనీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల దాకా ఒప్పుకున్నా, డయాలసిస్ నీటిలో 0.2 దాటకూడదు. అనంతపురం జిల్లాలో బోరు నీళ్ల ఫ్లోరైడ్ సంగతి తెలిసినవాళ్లకు ఈ రెండు అంకెలు పక్కపక్కన రాసి చూపిస్తే చాలు.

క్లోరిన్ మొత్తం లీటరుకు 0.1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, దాటితే రక్తంలో ఎర్ర కణాలు పగిలిపోతాయి. పరీక్ష కిట్టుతో ప్రతి ఒక్కరి చేతా చేయించండి. ప్లాంటు కనీసం పావుగంట నడిచాక, క్లోరిన్‌ను తీసేసే మొదటి కార్బన్ ట్యాంకు తర్వాత నమూనా తీయాలి, రోగిని ఎక్కించకముందే చూడాలి, ప్రతి షిఫ్టుకూ చూడాలి. వేసవిలో బోరు ఎండి ట్యాంకరు పోయించుకుంటే నీటి స్వభావమే మారిపోతుంది. బ్లీచింగ్ పౌడరు ఎంత కలిపారో ట్యాంకరువాడికి కూడా తెలియదు. "నీళ్లు ఎక్కడ్నుంచి వచ్చాయి" అనే ఒక గడి లాగ్‌బుక్‌లో ఉందా అని అడగండి. బ్యాక్టీరియా పరిమితి మిల్లీలీటరుకు 100 సీఎఫ్‌యూ (ల్యాబ్‌లో పెంచితే లెక్కకొచ్చే బ్యాక్టీరియా గుంపులు) లోపు, 50 దగ్గరే శుద్ధి మొదలుపెట్టాలి. ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా వదిలే విషం) మిల్లీలీటరుకు 0.25 యూనిట్ల లోపు. ఈ అంకెలన్నీ ఒక అట్ట మీద అచ్చేసి యూనిట్‌కొకటి ఇవ్వండి, గోడకు తగిలించుకుంటారు. జ్ఞాపికల కన్నా దానికే ఎక్కువ ఖర్చు పెట్టండి.

రెండో బల్ల: ఫిస్టులా, ఇన్‌ఫెక్షన్లు. రోజూ చేయి తాకి ప్రకంపన ఉందో లేదో చూడ్డం, స్టెతస్కోపు పెట్టి శబ్దం వినడం, అది ఆగిపోతే ఎంతసేపట్లో ఎవరికి ఫోన్ చేయాలో చెప్పడం. సిద్ధమైన ఫిస్టులాకు ఆరుల లెక్క గుర్తుంచుకోవడం తేలిక. 6 వారాలు, 6 మిల్లీమీటర్ల వెడల్పు, చర్మం కింద 6 మిల్లీమీటర్లకు మించని లోతు, నిమిషానికి 600 మిల్లీలీటర్ల ప్రవాహం. వార్డు నర్సులకు మాత్రం ఒక్కటే చెప్పండి: ఆ చేతికి బీపీ చూడొద్దు, సూది పెట్టొద్దు, రక్తం తీయొద్దు. ఫిస్టులా ఇంకా వేయని కిడ్నీ రోగికైనా, ఎక్కువ వాడని చేతిని వదిలేయాలి.

హెపటైటిస్ బి టీకా విషయం కూడా ఇక్కడే. డయాలసిస్ రోగికి మామూలు మోతాదు చాలదు, రెట్టింపు మోతాదు 0, 1, 2, 6 నెలల్లో వేయాలి. చివరి డోసు తర్వాత ఒకటి రెండు నెలలకు యాంటీబాడీ 10 దాటిందా అని పరీక్ష చేయాలి. వేసి ఊరుకునే చోట్లు చాలా ఉన్నాయి.

మూడో బల్ల: ఎంత నీరు తీయాలి. కాగితం, పెన్ను చాలు. గంటకు కిలోకు 13 మిల్లీలీటర్లు దాటకుండా తీయాలనుకుంటే, 60 కిలోల మనిషికి నాలుగు గంటల్లో సుమారు 3.1 లీటర్లు. అలాంటి మనిషి ఆలూరు నుంచి నాలుగున్నర కిలోలు పెరిగి వచ్చాడు. ఇప్పుడేం చేస్తారు? బల్ల చుట్టూ వాదన రేగుతుంది, రేగనివ్వండి. గంటా ముప్పావు పొడిగిస్తే తర్వాతి షిఫ్టు ఆలస్యం, ఉన్న గంటల్లోనే లాగేస్తే బీపీ పడిపోతుంది, వదిలేస్తే రాత్రికి ఆయాసం. ఇందులో టెక్నీషియన్ ఒక్కడే తేల్చగలిగేది ఏమీ లేదు. డాక్టరు, నర్సు, మేనేజరు కలిసి ముందే రాసిపెట్టుకున్న నియమం ఉండాలి. ఆ నియమాన్ని ప్రతి బృందం చేతా అక్కడికక్కడే నాలుగు వాక్యాల్లో రాయించండి.

నాలుగో బల్ల: తిండి. హైదరాబాదు నుంచి వచ్చే డైటీషియన్లు ఓట్స్, యాపిల్ గురించి చెప్పి వెళ్తారు. ఇక్కడి పళ్లెంలో రాగి సంగటి, చెనిక్కాయల చట్నీ, ఉగ్గాని, ఊరగాయ ఉంటాయి. బల్ల మీద అవే పెట్టండి. చెనిక్కాయల్లో పొటాషియం, ఫాస్ఫరస్ రెండూ ఎక్కువే. బొరుగుల్లో తయారీలోనే ఉప్పు పడుతుంది. ఎండాకాలం అభిమానంతో తాగించే కొబ్బరి నీళ్లలో పొటాషియం ఉంటుంది. "ఉప్పు తగ్గించమన్నారని ఇది కొన్నాం" అంటూ తెచ్చే తక్కువ సోడియం ఉప్పులో పొటాషియం క్లోరైడే ఉంటుంది, అది కిడ్నీ రోగికి ప్రమాదం. అలాగని అన్నీ వద్దంటే మనిషి చిక్కి శల్యమవుతాడు.

ఎక్కువమంది తడబడేది ప్రొటీన్ దగ్గర. డయాలసిస్‌కు ముందు కిలోకు 0.8 గ్రాములు చాలు, 60 కిలోల మనిషికి 48 గ్రాములు. డయాలసిస్ మొదలయ్యాక కిలోకు 1 నుంచి 1.2 గ్రాములు, అంటే 60 నుంచి 72 గ్రాములు. కానీ రెండేళ్ల కిందట "పప్పు, గుడ్డు మానేయండి" అని ఎవరో చెప్పిన మాటే ఇంట్లో నడుస్తూ ఉంటుంది. దాన్ని రద్దు చేయాల్సింది ఎవరు? డైటీషియన్ లేని యూనిట్లో నర్సే. అందుకే ఈ బల్ల నర్సులకోసం, డైటీషియన్లు శిక్షకులుగా నిలబడాలి.

చివరి సెషన్ మాటలది. ఒకరు రోగిగా, ఒకరు రోగి కొడుకుగా, ఒకరు నర్సుగా కూర్చుని నటించాలి. "ఒకసారి డయాలసిస్ మొదలుపెడితే ఇక ఆపరంట కదమ్మా, నాటు మందు వాడి చూస్తాం" అని కొడుకు అంటాడు. ఇంటి దగ్గరే చేసుకునే పెరిటోనియల్ డయాలసిస్ గురించి ఎప్పుడు చెప్పాలి? అవయవ మార్పిడికి రాష్ట్ర అవయవదాన కార్యక్రమం జీవన్‌దాన్‌లో నమోదు గురించి ఎప్పుడు? దీనికి స్లైడ్లు వద్దు. నటించేటప్పుడు నవ్వుకుంటారు, ఆ నవ్వుల మధ్యే "మేమిలా అనకూడదు" అన్నది వాళ్లకే తెలుస్తుంది.

7. వక్తలు, శిక్షకులు

పెద్ద పేరున్న వక్త ఒకరు చాలు. తిరుపతి స్విమ్స్ నుంచో, హైదరాబాదు నుంచో పిలవొచ్చు. మిగతా శిక్షకులు మన జిల్లాల్లో పనిచేసే అనుభవజ్ఞులైన టెక్నీషియన్లు, నర్సులే కావాలి. వాళ్లకు వేదిక కొత్త కాబట్టి ముందు వారం ఒక సాయంత్రం కూర్చోబెట్టి మాట్లాడించి చూడండి.

వక్తలకు రాతపూర్వకంగా చెప్పండి: తెలుగులోనే మాట్లాడాలి, వైద్య పదాలు యూనిట్లో ఎలా వాడతారో అలాగే. ఇరవై నిమిషాలు, పదిహేను స్లైడ్లు. ఏ కంపెనీతో సంబంధం ఉందో మొదటి స్లైడులోనే చెప్పాలి. వారం ముందు స్లైడ్లు మీ చేతికి రావాలి. పంపకపోతే ఒకటికి రెండుసార్లు ఫోన్ చేయండి, అయినా రాకపోతే ఆ సమయాన్ని బల్లలకు ఇచ్చేయండి.

రోగుల ఫొటోలకు లిఖిత అనుమతి ఉండాలి. ముఖం మూసేస్తే సరిపోతుందనుకుంటారు. మన ఊళ్లలో "వెల్దుర్తి, 34 ఏళ్ల బడిపంతులు, కవల పిల్లల తండ్రి" అంటే చాలు, హాల్లో నలుగురు గుర్తుపట్టేస్తారు. ఊరు, వృత్తి మార్చి చెప్పమనండి.

8. ఆ రోజు

ప్రారంభ సభ గురించి ఒక మాట. దీపం, ప్రార్థన గీతం, వేదిక మీద పదకొండు మంది, ఒక్కొక్కరికీ శాలువా, ఒక్కొక్కరి నుంచీ "రెండే మాటలు". ఉదయం చురుగ్గా ఉండే గంటన్నర అక్కడే పోతుంది. ముఖ్య అతిథి రాలేదని ఆగితే ఇంకో గంట. దీన్ని పూర్తిగా తీసేయమని చెప్పే ధైర్యం నాకు లేదు, మన ఊళ్లో సాధ్యం కూడా కాదు. భోజనానికి ముందుకు జరపండి, పావుగంట ఇవ్వండి. ఆకలి వేళ ఉపన్యాసాలు వాటంతటవే కుదించుకుంటాయి.

భోజనం మీద కూడా కళ్లు ఉంటాయి. ఆదివారం పూట కోడికూర లేకుండా పంపితే మాట పడతారు, పెట్టండి. కానీ ఉదయమంతా రోజుకు ఐదు గ్రాముల ఉప్పు అని చెప్పి, మధ్యాహ్నం అప్పడాలు, వడియాలు, మూడు రకాల ఊరగాయలు వడ్డిస్తే నవ్వుతారు. వంటాయనతో ఉప్పు తూకం వేయించి, ప్రతి గిన్నె ముందు ఒక్కో గరిటెలో ఎంత ఉప్పు ఉందో అట్ట ముక్క పెట్టండి. డైటీషియన్ల బల్లకు అది కొనసాగింపు.

కరెంటు పోతే డెమో మెషీను ఆగిపోతుంది. హాలు జనరేటరు లైట్లకే సరిపోతుందా, మెషీనుకూ చాలుతుందా అని ముందు రోజే నడిపించి చూడండి. ఆర్వో నీళ్ల క్యాన్లు, సూదులు వేసే డబ్బాలు, ఎర్ర సంచులు మరవకండి. వైద్య సదస్సులో వాడిన సూది చెత్తబుట్టలో కనపడితే అంతకన్నా సిగ్గుచేటు లేదు.

9. తర్వాత మూడు నెలలు

పోయేముందు ప్రతి యూనిట్ వాళ్లూ ఒక చీటీ రాసివ్వాలి: సోమవారం నుంచి మేం మార్చే ఒక్క పని. "క్లోరిన్ పుస్తకం మొదటి షిఫ్టుకు ముందే రాస్తాం", "టీకా తర్వాత యాంటీబాడీ చూడనివాళ్ల జాబితా తీస్తాం", "ఫిస్టులా చేతికి ఎర్ర బ్యాండు కడతాం" లాంటివి. రెండు పనులు రాస్తే వెనక్కిచ్చి ఒకటే రాయమనండి. యూనిట్ బాధ్యుల సంతకం కూడా ఉండాలి, లేకపోతే టెక్నీషియన్ ఒక్కడే మోయాల్సి వస్తుంది.

ముందూ వెనకా రాయించిన పది ప్రశ్నల మార్కులు పోల్చడం తేలికే, పెరుగుతాయి కూడా. ఆ సాయంత్రం ఎవరికైనా గుర్తుంటుంది. అసలు చూడాల్సింది నెలకూ, మూడు నెలలకూ. నెలకు ఒక ఫోన్ చేయండి. మూడు నెలలకు వీలైనన్ని యూనిట్లకు వెళ్లి లాగ్‌బుక్ తెరిచి చూడండి, తనిఖీకి వచ్చినట్టు కాకుండా టీ తాగడానికి వచ్చినట్టు. చీటీలో రాసిన పని జరగకపోతే ఎందుకు జరగలేదో రాసుకోండి. సిబ్బందికి తెలియక కాదు, కిట్లు లేక ఆగిపోయిన యూనిట్లు కనపడతాయి. వాళ్లను మళ్లీ సదస్సుకు పిలిచినా లాభం లేదు, యాజమాన్యానికి ఉత్తరం రాయాలి.

లెక్కలు నెలలోపు ముగించండి. వచ్చినదీ పోయినదీ ఒక్క పేజీలో, బిల్లులు వెనక జతచేసి, కమిటీ అందరికీ, డబ్బిచ్చిన కంపెనీలకూ పంపండి. కొంత మిగిలితే దాత ఒప్పుకున్న మేరకు క్లోరిన్ పరీక్ష కిట్లు కొని, ఆ కిట్లు లేక ఆగిపోయిన యూనిట్లకు రసీదు తీసుకుని ఇచ్చేయండి.